సీసాలో మన కొండ వాసన: కాగితం మీద ఎవరి పేరు?



ఆదివాసీ దినోత్సవం రోజు చోడవరంలో మాట్లాడమంటే మాట్లాడాను. నాకిచ్చిన టైం తక్కువ. మైకు మధ్యలో రెండుసార్లు ఆగింది. వెనక కూర్చున్నవాళ్లకు సగం వినపడలేదని తర్వాత చెప్పారు. అందుకే ఆ మాటల్నే ఇప్పుడు పూర్తిగా రాసి పెడుతున్నా. మాడుగుల, చీడికాడ, రావికమతం, రోలుగుంట, గొలుగొండ మండలాల కొండ కింది ఊళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ముఖ్యంగా ఇది మీకు. చదివి, ఇంట్లో చదువు రాని పెద్దవాళ్లకు కూడా వినిపించండి.

ఆ రోజు స్టేజీ మీదకు నేను ఒక చిన్న సీసా తీసుకెళ్లాను. సెంటు సీసా. మా చిన్నాన్న కూతురు విశాఖలో ఒక షాపులో పనిచేస్తుంది, అక్కడ శాంపిల్ కింద ఇచ్చిందట. "అక్కా, నువ్వు కెమిస్ట్రీ చదివావు కదా, ఇందులో ఏముందో చెప్పు" అని నా చేతిలో పెట్టింది. అసలు పెద్ద సీసా ధర విని సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టుకున్నా.

డబ్బా మీద ఒక కథ రాసి ఉంది. స్తంభం చీల్చుకుని వచ్చిన నరసింహుడి కథ. ఆ కోపం, ఆ నిప్పు, ఆ తర్వాత వచ్చిన శాంతి, ఇవన్నీ ఈ వాసనలో ఉన్నాయంట. ఘాటు, పొగ, చెక్క. ఈమధ్య ఇలాంటివి చాలా వస్తున్నాయి. దేవుళ్ల పేర్లు, పురాణాల కథలు, బంగారు అక్షరాలు. ఇది కొత్తేమీ కాదు. ఫ్రాన్సులో గెర్లాన్ అనే కంపెనీ 1989లోనే మన 'సంసార' అనే మాటను పేరుగా పెట్టి, గంధం వాసనతో సెంటు తయారుచేసింది. అప్పుడు బయటివాళ్లు మన మాట తీసుకెళ్లారు. ఇప్పుడు మనవాళ్లే మనకు మన కథ అమ్ముతున్నారు.

సీసా ఇంటికి తీసుకెళ్లి మా అమ్మమ్మ చేతి మీద కొంచెం రాశాను. ఆమెకు చూపు సరిగా ఆనదు గానీ ముక్కు మాత్రం గట్టిది. వాసన చూసి మొదటి మాట, "మిరియమే పిల్లా ఇది" అంది. కాసేపయ్యాక మళ్లీ చూసి, "ఏటే ఇది, పెద్దలకి గుగ్గిలం పొగేసినట్టుంది గదా" అంది. రాత్రి అన్నం తిన్నాక చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టి, "ఇప్పుడు ఉత్తి చెక్కే మిగిలిందే" అంది.

నేను ఆశ్చర్యపోయాను. ఎందుకంటే కాలేజీలో మూడేళ్లు చదివి నేను నేర్చుకున్నదాన్ని ఆమె ఒక పూటలో చెప్పేసింది.

సెంటు అలాగే చేస్తారు. తేలిగ్గా ఆవిరైపోయే వాసనలు ముందు వస్తాయి, నిమిషాల్లో పోతాయి. మిరియం, అల్లం, నిమ్మగడ్డి అలాంటివి. తర్వాత పూలూ మసాలాలూ. బరువైనవి, అంటే బంకలు, చెక్కలు, వేళ్లు, చివరికి మిగులుతాయి. బట్టకు అంటితే ఉతికినా పోవు. సెంటు నిలబడేది ఈ చివరి వాటి మీదే. అవి లేకపోతే మిగతాదంతా గంటలో గాల్లో కలిసిపోతుంది.

ఇప్పుడు ఈ మూడూ ఎక్కడివో చూద్దాం.

మొదటిది ఘాటు. పాడేరు, చింతపల్లి వైపు కాఫీ తోటలకు నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు వేస్తారు, వాటి మీదకు మిరియం తీగ ఎక్కిస్తారు. మీలో చాలామంది ఆ గింజలు కోసినవాళ్లే. పిప్పళ్లు, పిప్పళ్ల మోడి కూడా విశాఖ ఏజెన్సీ సరుకే. ఇక్కడొక సంగతి తెలుసుకోండి. మిరియాన్ని ఆవిరి పెట్టి నూనె తీస్తే వాసన మాత్రమే వస్తుంది, కారం రాదు. నాలుక మీద మండించే పదార్థం ఆవిరి కాదు, అది పిప్పిలోనే ఉండిపోతుంది. సీసాలోకి వెళ్లేది మన సరుకులో వాసన ఒక్కటే.

రెండోది పొగ. మనం గుగ్గిలం అనేది ఒక్క చెట్టు బంక కాదు. ఒడిశా అంచున, ఎగువన ఉండే సాల చెట్టు బంకను గుగ్గిలం అంటాం. ఎండు కొండల మీద పెరిగే అందుగు చెట్టు బంకనూ కొన్నిచోట్ల అదే పేరుతో పిలుస్తాం. దుకాణాల్లో మైసాక్షి అని అమ్మేది వేరే, అది రాజస్థాన్, గుజరాత్ వైపు ఎండు నేలల్లో పెరిగే ముళ్ల చెట్టు నుంచి వస్తుంది. సాంబ్రాణి ఎక్కువగా సుమత్రా దీవి నుంచి ఓడల్లో వచ్చేది. పేర్లు కలిసిపోయాయి గానీ చెట్లు వేరు, వాటిని తీసే చేతులు వేరు.

ఉత్తరప్రదేశ్‌లో కన్నౌజ్ అనే ఊరుంది. వందల ఏళ్లుగా అత్తరు పని చేసే ఊరు. పూలను రాగి పాత్రల్లో ఉడికించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టడం వాళ్ల పద్ధతి. దాంతోపాటు అక్కడ ఇంకో పాత పని ఉంది. సాల బంకను మట్టి కుండలో పెట్టి, నీళ్లు లేకుండా కింద గట్టిగా మంటపెట్టి, అది కాలి వదిలే పొగను చల్లార్చి నూనెగా పట్టుకుంటారు. బంకను వాళ్లు రాళ్ అంటారు, ఆ నూనెను చోయా రాళ్ అంటారు. తోలు వాసన, కాలిన చెక్క వాసన కలిసినట్టుంటుంది. ఒక్క చుక్క చాలు సీసా అంతా పొగ వాసన రావడానికి. మా అమ్మమ్మ "పెద్దలకి పొగేసినట్టుంది" అన్నది ఊరికే అనలేదు.

మూడోది చెక్క. గంధం, లేదంటే తుంగముస్తల వేళ్లు. పొలంలో కలుపు అని పీకి పారేసే తుంగకు చుట్టమే అది. మట్టి వాసన, చెక్క వాసన కలిపి ఇస్తుంది. గంధం సంగతికొస్తే, చేవ పట్టడానికే చెట్టుకు పదిహేను, ఇరవై ఏళ్లు పైగా కావాలి. పైగా అది ఒంటరిగా బతికే చెట్టు కాదు. పక్క చెట్ల వేళ్లను పట్టుకుని వాటి నుంచి కొంత తిండి తీసుకుంటుంది. చుట్టూ అడవి ఉంటేనే గంధం.

ఇక కథ దగ్గరకు వద్దాం. డబ్బా మీది నరసింహుడి కథ చదివి మీలో ఎంతమందికి సింహాచలం గుర్తొచ్చింది? చోడవరం నుంచి ఎంతో దూరం లేదు. మనం చిన్నప్పుడు లారీల్లో, ఆటోల్లో వెళ్లొచ్చిన కొండే. అక్కడ స్వామి ఏడాది పొడుగునా గంధం కిందే ఉంటాడు. అక్షయ తృతీయ నాడు ఒక్క రోజు గంధం వలిచి నిజరూపం చూపిస్తారు. మళ్లీ పూస్తారు. ఏడాదికి నాలుగు విడతలు, విడతకు మూడు మణుగుల చొప్పున పన్నెండు మణుగుల గంధం. హిరణ్యకశిపుణ్ణి చంపిన ఉగ్రం చల్లారడానికి ఆ గంధం అని చెప్తారు.

అంటే ఘాటు, పొగ, చెక్క అని సీసాలో పెట్టిన వరస ఏదైతే ఉందో, కోపం, నిప్పు, చల్లదనం అనే ఆ వరస, మన పక్క కొండ మీద ఎప్పటినుంచో జరుగుతున్నదే. ఒప్పుకుంటాను, సెంటు చేసినవాళ్లు కథను బాగానే పట్టుకున్నారు.

కానీ ఒక మనిషిని వదిలేశారు. చెంచులక్ష్మిని.

అహోబిలం నరసింహుడి కథలో ఉగ్రం చల్లార్చింది గంధం కాదు, ఒక అడవి పిల్ల. చెంచుల ఆడపిల్ల. దేవుడు ఆమెను మనువాడి చెంచులకు ఇంటి అల్లుడయ్యాడు. ఈ రోజుకీ ఏటా సంక్రాంతి తర్వాత అహోబిలంలో పారువేట జరుగుతుంది. నలభై రోజులకు పైగా స్వామి పల్లకీలో ఊరూరా తిరుగుతాడు, తన పెళ్లికి పిలవడానికి. పురాణం చెప్పేవాళ్లు కూడా అడవి మనిషికి కథలో పీట వేశారు. సెంటు డబ్బా మీద స్తంభం ఉంది, సింహం ఉంది, మంట ఉంది. అడవి పిల్ల లేదు. అడవిలో బంక తీసిన ఆడమనిషీ లేదు.

ఇదేదో సెంటిమెంటు అని అనుకోకండి. పేరు లేకపోతే ధర ఉండదు. దీనికి దూరం వెళ్లక్కర్లేదు. మాడుగుల హల్వా ఉంది కదా. హల్వా ఎక్కడైనా చేస్తారు, కానీ మాడుగుల పేరుంటేనే కొంటారు. అనకాపల్లి బెల్లం అంతే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు వాడాలంటే ఇప్పుడు ఒక లెక్క ఉంది. అదే మాడుగుల సంతలోకి మన గుగ్గిలం, మన తపసి జిగురు, మన పిప్పళ్లు వస్తే వాటికి ఏ ఊరి పేరూ ఉండదు. "మట్టి ఉంది, బెరడు ఉంది, రెండో రకం" అనే మాట ఒక్కటే ఉంటుంది. కాటా వాళ్లది, రేటు వాళ్లది. మా అమ్మమ్మ ఎప్పుడూ మొదటి రకం అమ్మిన రోజు లేదు. ఆమె తీసిన బంకంతా జీవితమంతా రెండో రకమేనా? అదే బంకను కొన్నవాడు జల్లెడ పట్టి మొదటి రకం కింద పైకి పంపిస్తాడు. జల్లెడ మనం పట్టలేమా?

గిరిజన సహకార సంస్థ విశాఖ కేంద్రంగా 1956లో పుట్టిందే ఈ దోపిడీకి అడ్డుకట్ట వేయడానికి. సరుకుకు ముందే ధర చెప్పి కొనడం దాని పని. కానీ మా ఊరికి దగ్గర్లో ప్రభుత్వం తరఫున కొనే కేంద్రం లేదు. మాకు దిక్కు సంతే.

ఇప్పుడు అసలు విషయం.

నెల కింద మా ఊరికి ఒకాయన కారులో వచ్చాడు. మంచిగా మాట్లాడాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి. అత్తర్లు, అగరబత్తీలు చేసే కంపెనీకి సరుకు చూసిపెడతాడట. గుగ్గిలం ఎంత ఉంటే అంత కొంటామన్నాడు. సంత రేటు కంటే ఎక్కువిస్తామన్నాడు. అంతేకాదు, మా అమ్మమ్మ ఫోటో కావాలి, ఆమె చెట్టుకు గాటు పెట్టే ముందు ఏం మొక్కుకుంటుందో ఆ కథ కావాలి, డబ్బా మీద వేస్తామన్నాడు. ఒక పేజీ కాగితం ఇచ్చాడు, ఇంగ్లీషులో. వేలిముద్ర వేస్తే అడ్వాన్సు.

ఊళ్లో రెండు వర్గాలయ్యాయి. పెద్దవాళ్లు "ఇన్నాళ్లకు మన బంకకు విలువొచ్చింది, సంతకం పెట్టండి" అన్నారు. మా వయసు కుర్రాళ్లు "మనల్ని అమ్ముకోవడానికొచ్చాడు, ఊళ్లోకి రానివ్వొద్దు" అన్నారు. నన్ను అడిగారు. నేను రెండు రోజులు ఆలోచించి రెండూ కాదన్నా. ఎందుకో చెప్తా.

తరిమేస్తే ఏమవుతుంది? పక్క ఊరికి వెళ్తాడు. మన బంక మళ్లీ సంతలో రెండో రకం అవుతుంది. సంతకం పెడితే ఏమవుతుంది? ఆ కాగితంలో ఏముందో చదివాను. ధర ఒక్క ఏడాదికే. ఫోటో, కథ మాత్రం ఎప్పటికీ వాళ్లవి. ఎంత బంక తియ్యాలో హద్దు లేదు. చెట్టు చస్తే ఎవరి బాధ్యతో లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ కాగితంలో అమ్మేది 'వ్యక్తి'. ఊరు కాదు.

చెట్టు ఒక మనిషిది కాదు కదా. మరి ఒక్కరి వేలిముద్రతో ఎలా అమ్ముతాం?

ఇక్కడ చట్టం మన పక్కనే ఉంది, కానీ వాడుకోవాలి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని సెక్షన్ 3(1)(సి) చదవండి. చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం మనదని ఉంది. సేకరించడం, వాడుకోవడం, అమ్ముకోవడం మన హక్కు. కలప కాకుండా చెట్టూ చేమా నుంచి వచ్చేదంతా దాని కిందకే వస్తుంది. 2012లో రూల్స్ మార్చారు. సరుకును ఊళ్లోనే శుభ్రం చేసుకోవచ్చు, విలువ పెంచుకోవచ్చు, కలిసి అమ్ముకోవచ్చు. రవాణా పర్మిట్లు గ్రామసభ ఏర్పాటుచేసిన కమిటీయే ఇస్తుంది. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మెంధా లేఖా అనే గోండుల ఊరు ఇది చేసి చూపించింది. 2009లో సామూహిక హక్కు పత్రం తీసుకుంది, 2011లో తమ వెదురుకు తామే పర్మిట్లు రాసుకోవడం మొదలుపెట్టింది.

మీలో కొందరు అడుగుతారు, "అక్కా, మనది షెడ్యూల్డ్ ఏరియా కాదు కదా" అని. అవును, అదే మన పెద్ద బాధ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. మనం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. కొండ ఒకటే, చుట్టాలు ఒకటే, అడవి ఒకటే. గీతకు పైన ఉన్నవాళ్లకు 1996 పెసా చట్టం ఉంది, కింద ఉన్న మనకు లేదు. మన ఊళ్లను ఐదో షెడ్యూల్లో కలపాలనే పోరాటం సాగుతూనే ఉండాలి. కానీ ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్ ఏరియా అనే షరతు లేదు. అడవి ఉన్న ప్రతిచోటా, దాని మీద ఆధారపడి బతికే ఆదివాసులందరికీ అది వర్తిస్తుంది. "మీది నాన్ షెడ్యూల్డ్, మీకు రాదు" అని ఎవరైనా అంటే, అదే మాట కాగితం మీద రాసిమ్మని అడగండి.

ఎలా మొదలుపెట్టాలి? గ్రామసభ జరపాలి. సగం మందికి తగ్గకుండా రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. పదిమంది నుంచి పదిహేను మందితో అటవీ హక్కుల కమిటీ ఎన్నుకోవాలి. అందులో మూడింట రెండొంతులు ఎస్టీలు, మూడో వంతు తక్కువ కాకుండా మహిళలు. పోడు భూమికి వేసేది ఫారం ఎ. మనలో చాలామంది అది వేసి ఆగిపోయాం. బంకకు, తేనెకు, ఆకుకు వేయాల్సింది ఫారం బి, సామూహిక హక్కుల దావా. అడవిని కాపాడుకునే హక్కుకు ఫారం సి.

సాక్ష్యం ఏమిటి అంటారా? ఇది విని నేను చాలాసేపు కూర్చుండిపోయాను. రూల్స్‌లో పదమూడోది చూడండి. సాక్ష్యాల జాబితాలో పెద్దల మాట కూడా ఉంది. దావా వేసేవాళ్లు కాని పెద్దలు చెప్పింది రాసి పెడితే అది సాక్ష్యం.

అర్థమైందా? మా అమ్మమ్మ ఏ కొండ మీద, ఏ నెలలో, ఏ చెట్టుకు, ఎంత లోతు గాటు పెట్టేదో చెప్పే ఆ కథను డబ్బా మీద వేసుకోవడానికి ఒకాయన కారేసుకుని వచ్చాడు. అదే కథ మన హక్కు పత్రానికి సాక్ష్యం. ముందు అది ఎక్కడ రాయాలి? డబ్బా మీదనా, దావా కాగితం మీదనా?

పైగా మన ఊరి దావాకు పక్క ఊరి పెద్దలు చెప్తే ఆ మాటకు బలం ఎక్కువ. వాళ్ల దావాకు మన పెద్దలు చెప్పాలి. కాబట్టి ఊరూ ఊరూ కలవకుండా ఇది అయ్యే పని కాదు. ఈ వేసవిలోపు మీ ఊళ్లో ముసలివాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. చెట్టు పేరు, చోటు పేరు, ఎప్పటినుంచి, ఎవరెవరు వెళ్లేవాళ్లు, ఇవన్నీ అడిగి రాయండి. వాళ్లు ఎన్నాళ్లుంటారో మనకు తెలీదు.

కంపెనీతో మాట్లాడొద్దని నేనడం లేదు. ఊరుగా మాట్లాడదాం అంటున్నా. మా ఊళ్లో మేం అనుకున్న షరతులు చెప్తా, మీకు పనికొస్తే వాడుకోండి. కాగితం తెలుగులో ఉండాలి, గ్రామసభలో గట్టిగా చదివి వినిపించాలి. అమ్మేది గ్రామసభ లేదా ఆడవాళ్ల సంఘం, ఒక్క మనిషి కాదు. కాటా మనది, జల్లెడ మనది, రకం వాళ్ల ముందే మనం తేల్చాలి. ధర ప్రతి ఏడూ మళ్లీ మాట్లాడుకోవాలి. ఊరి పేరు డబ్బా మీద ఉండాలి. ఫోటో కావాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి, వద్దన్న రోజు తీసేయాలి.

పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ అని ఒకటి ఉండాలి, 2002 చట్టం ప్రకారం. వ్యాపారానికి సరుకు తీసుకెళ్లేవాళ్ల నుంచి రుసుం వసూలు చేసే అధికారం దానికి ఉంది. మీ పంచాయతీలో ఆ కమిటీ ఉందో లేదో రేపే కనుక్కోండి. ఉంటే అందులో మనవాళ్లు ఎంతమందో చూడండి.

ఒప్పందం వచ్చినా అక్కడితో అయిపోదు. కేరళలో కాణి ఆదివాసులు ఆరోగ్యపచ్చ అనే మొక్క గుట్టు శాస్త్రవేత్తలకు చెప్పారు. దాంతో చేసిన మందును 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి ఇచ్చినప్పుడు, వచ్చిన ఫీజులోనూ రాయల్టీలోనూ సగం కాణీలకని ఒప్పుకున్నారు. దేశమంతా మెచ్చుకుంది. కానీ ఆ మొక్కను పెంచుకోవడానికి, కోసుకోవడానికి అటవీ శాఖ నుంచి అడ్డంకులొచ్చాయి. అందుకే నేను ముందు ఫారం బి అంటున్నా, తర్వాతే ఒప్పందం. అడవి మీద హక్కు లేకుండా వాటా మీద హక్కు నిలబడదు.

ఇంకొక మాట. ఇది మనకు మనం చెప్పుకోవాల్సింది. ధర పెరిగితే చెట్టుకు గాట్లు పెరుగుతాయి. మైసాక్షి చెట్టుకు ఏమైందో చూడండి. ఎక్కువ బంక కోసం లోతుగా కోసి, మందులు పూసి లాగారు. ఇప్పుడది అంతరించే ప్రమాదం బాగా ఎక్కువగా ఉన్న వాటి జాబితాలో ఉంది. ఆఫ్రికాలో ఇథియోపియా, సూడాన్ వైపు మన అందుగు చెట్టుకు చుట్టమైన చెట్టు ఉంది. చర్చిల్లో వేసే ధూపం దాని బంకే. లేత మొక్కలు బతకడం లేదని, ఇరవై ఏళ్లలో ఆ బంక సగానికి పడిపోవచ్చని 2019లో శాస్త్రవేత్తలు లెక్కవేశారు. మన కొండల్లో తపసి చెట్లను గొడ్డలితో ఇష్టమొచ్చినట్టు చెక్కి చంపిన రోజులు పెద్దవాళ్లకు తెలుసు. అందుకని గ్రామసభ తీర్మానంలోనే రాసుకుందాం. లేత చెట్టు ముట్టకూడదు. గాటు పెట్టిన చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలి. ఏ కొండలో ఏ ఏడు తీయాలో ఊరు తేల్చాలి. కంపెనీ ఎంత అడిగినా సరే.

చివరగా అమ్మకూడనిది ఒకటుంది. ఆ రోజు కారు వెళ్లిపోయాక మా అమ్మమ్మను అడిగాను, "అమ్మమ్మా, నీ ఫోటో వేస్తారంట, నీకిష్టమేనా?" అని. నవ్వింది. "ఫోటో ఏస్తే ఏసుకోనీ, నా మొకానికి ఏటొచ్చింది. బంక అమ్ముతాం, అది అమ్ముకునేదే. చెట్టుకి మొక్కిన మాట మాత్రం చెప్పనే పిల్లా. అది మీ తాత, నేను, ఆ చెట్టు ఎరిగిన మాట" అంది.

అంతే. ఏది సరుకో, ఏది కాదో ఆమెకు తెలుసు. ఆ గీత గీసే హక్కు ఆమెది, మన ఊళ్లది. కారులో వచ్చినాయనది కాదు, డబ్బా మీద కథ రాసేవాళ్లది కాదు, స్టేజీ ఎక్కి మాట్లాడే నాది కూడా కాదు.

ఆ సెంటు చెడ్డదని నేను చెప్పను. నిజం చెప్తున్నా, బాగుంది. మన కొండ వాసన ఊరు దాటి వెళ్లడం నాకు గర్వమే. విశాఖలో ఎవరో పెళ్లికి వెళ్తూ మణికట్టు మీద అది రాసుకోవచ్చు. రాసుకోనివ్వండి. సాయంత్రానికి చివరి చెక్క వాసన ఇంకా అక్కడే ఉంటుంది. ఆ చెక్క, ఆ బంక ఎవరి కొండదో కాగితం మీద రాయించే పని మాత్రం మనది.

మా ఊళ్లో గ్రామసభ కబురు వేశాం. ఫారం బి నింపడం నేర్చుకోవాలనుకునే పక్క ఊళ్లవాళ్లు వచ్చి కూర్చోండి. మీ ఊళ్లో జరిగితే మమ్మల్ని పిలవండి, మా పెద్దల్ని తీసుకొస్తాం, మీ కొండకు సాక్ష్యం చెప్తారు. వచ్చేటప్పుడు మీ అమ్మమ్మల్ని, తాతల్ని వెంటబెట్టుకు రావడం మర్చిపోకండి.

జోహార్.